పాత ఇనుముతో ఇంట్లోనే తాళం పిక్‌లు చేసుకోవచ్చా? ఏ లోహం పనికొస్తుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు డిప్లొమాలో మెకానికల్ చదువుతున్నారు. చెవి లేకుండా తాళం తీసే వీడియోలు చూసి సరదా పుట్టింది. ఆన్‌లైన్‌లో దొరికే కిట్లు ఖరీదనీ, వాటిలో చాలావరకు నాసిరకమనీ విన్నారు. ఇంట్లో విరిగిన హాక్సా బ్లేడు, పాత కారు వైపర్, గొడుగు ఊచలు, సైకిల్ పుల్లలు ఉన్నాయి. వీటిలో దేనితో పిక్‌లు, అంటే చెవి లేకుండా తాళం తీసే సన్నటి పనిముట్లు, చేసుకోవాలి, నిప్పులో కాల్చాలా, దొరికితే పోలీసులతో ఇబ్బందా అని అడిగారు.

చేసుకోవచ్చు. మీ దగ్గరున్న వాటిలో వైపర్ పట్టీది మొదటి స్థానం. హాక్సా బ్లేడు రెండోది, అదీ దాని మీద ఏం రాసుందో చూశాకే. గొడుగు ఊచలు, సైకిల్ పుల్లలు పక్కన పడేయండి. కాల్చాల్సిన పని లేదు, కాల్చకపోవడమే మంచిది. చట్టం సంగతి చివర్లో చెబుతాను, దానికి ఒక్క మాటలో జవాబు లేదు.

మీరు అడగని విషయం ఇంకొకటుంది, అదే అసలైనది. నేను బెజవాడలో తాళం చెవుల దుకాణం నడుపుతాను. మీలాంటి కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి, సొంతంగా చేసుకున్న పిక్ చూపించి "ఎంత తిప్పినా రావడం లేదండీ" అంటారు. పిక్ చూస్తే బాగానే ఉంటుంది. తాళం చూస్తే ఏడు లీవర్ల తాళం కప్ప. ఆ పిక్‌తో ఆ తాళం తీద్దామని ఏడాది కూర్చున్నా రాదు. లోహం గురించి మాట్లాడుకునే ముందు మీ దగ్గరున్నది ఏ తాళమో తేల్చుకోవాలి.

చెవి చూస్తే తాళం జాతి తెలుస్తుంది

ఆ వీడియోలు తీసేది ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లు. అక్కడ ఇళ్ల తలుపులకూ, తాళం కప్పలకూ పిన్ తాళాలే ఎక్కువ. దాని చెవి పలచగా ఉండి, ఒక అంచు పొడుగునా కొండల వరుసలాగా ఎత్తుపల్లాలు ఉంటాయి. మన దగ్గర కూడా ఫ్లాట్ల తలుపులకు, ఆఫీసు అద్దాల తలుపులకు ఇవి బాగా వచ్చేశాయి. కానీ మన ఇళ్ల గొళ్లేలకు వేలాడే తాళం కప్పల్లో ఎక్కువభాగం లీవర్ రకం. దాని చెవికి గుండ్రటి కాడ, చివర జెండాలాగా చిన్న పలక, ఆ పలకకు మెట్లు మెట్లుగా కోతలు ఉంటాయి. తాళం ఒంటి మీద '6 లీవర్లు' '7 లీవర్లు' అని అచ్చు కూడా ఉంటుంది. అలీగఢ్‌ను తాళాల ఊరు అనడం మీరు వినే ఉంటారు. అక్కడి నుంచి వచ్చే సరుకులోనూ, 1897లో తాళాలతోనే మొదలైన గోద్రెజ్ వాళ్ల నవ్‌తాల్ తాళంలోనూ కనిపించేది ఈ లీవర్లే. తమిళనాడులోని దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేత్తో చేసే ఆ బరువైన తాళాల్లో మామిడికాయ ఆకారంలో ఉండేది ఒకటుంది, చూడ్డానికే ముచ్చటేస్తుంది. అదీ లీవర్ తాళమే.

బీరువాలకూ, టేబుల్ సొరుగులకూ, పాత స్కూటర్లకూ వాడేవి మూడో రకం. వాటిలో పిన్నుల బదులు పలచటి ఇత్తడి పలకలుంటాయి. చెవి చిన్నగా, తేలిగ్గా ఉంటుంది. పిన్ తాళం పిక్‌లతోనే వీటి మీదా సాధన చేయొచ్చు. ఇంకో రకం చెవికి అంచున కోతలుండవు, వెడల్పు ముఖం మీద చిన్నచిన్న గుంటలుంటాయి. అది కూడా పిన్ తాళమే, కానీ మొదట్లో దాని జోలికి వెళ్లకండి.

లీవర్ తాళంలో ఏం జరుగుతుందంటే, ఒకదాని మీద ఒకటి పలచటి పలకలు పేర్చి ఉంటాయి. ఒక్కో పలకకూ ఒక చోట గాడి ఉంటుంది. సరైన చెవి తిప్పితే గాడులన్నీ ఒకే వరుసలోకి వచ్చి, గడియకున్న మొలక వాటిలోకి జారుతుంది. పలకను తక్కువ లేపినా రాదు, ఎక్కువ లేపినా రాదు. ఈ ఆలోచన రాబర్ట్ బారన్ అనే ఇంగ్లండ్ ఆయనది, 1778 నాటి పేటెంట్. దీనికి కావలసిన పనిముట్టే వేరు, ఆ పని నేర్చుకునే తీరే వేరు. పలచటి పట్టీతో లోపల గీకితే ఏమీ కాదు. మీ ఇంట్లో ఉన్నది ఇదైతే, పాత సామాన్ల కొట్టులోనో, తలుపుల హార్డ్‌వేర్ షాపులోనో ఒక పాత పిన్ సిలిండర్, అంటే పిన్ తాళంలో చెవి దూరే ముక్క, సంపాదించుకోండి. మీ హాబీ అక్కడ మొదలవ్వాలి.

పిన్ తాళానికి పిక్ ఎలా ఉండాలి, ఎందుకు

పిన్ తాళంలో గుండ్రటి ఇత్తడి ప్లగ్ ఒకటి, దాని చుట్టూ కదలని తాళం ఒళ్లు ఉంటాయి. రెండింటి గుండా పోయే సన్నటి రంధ్రాల వరుస ఉంటుంది. ఇళ్ల తాళాల్లో మామూలుగా ఐదు రంధ్రాలు. ఒక్కో దానిలో చెవికి తగిలే పిన్ను, దాని నెత్తిన ఇంకో పిన్ను, ఆపైన స్ప్రింగు. సరైన చెవి పెట్టినప్పుడు రెండు పిన్నులూ కలిసే చోటు సరిగ్గా ప్లగ్ అంచుకు వస్తుంది, ప్లగ్ తిరుగుతుంది. లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ తీసుకున్న తాళం ఇదే. లోపలి సూత్రం ఆయన కనిపెట్టింది కాదు, ప్రాచీన ఈజిప్టులో చెక్కతో చేసిన పిన్ తాళాలు వాడేవాళ్లు.

ఫ్యాక్టరీలో ఆ రంధ్రాలు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఒకే గీతలో పడవు. అందుకే ప్లగ్‌ను కాస్త తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దాన్ని లేపి కూర్చోబెడితే ఇంకొకటి బిగుస్తుంది. ఒక చేత్తో తిప్పి పట్టుకునేది టెన్షన్ రెంచ్. రెండో చేత్తో పిన్ను లేపేది పిక్. పిక్‌కు ఉండాల్సిన గుణాలు ఇక్కడి నుంచే వస్తాయి. చెవి దూరే సందులో పైకీ కిందికీ కదలాలి కాబట్టి పలచగా ఉండాలి. స్ప్రింగును ఎదిరించి పిన్నును లేపాలి కాబట్టి వంగిపోకూడదు. ఒకవేళ వంగినా తిరిగి నిటారుగా రావాలి. పిన్ను కూర్చున్నప్పుడు వచ్చే చిన్న 'టిక్' వేలిదాకా అందాలి. ఈ చివరిది మెత్తటి ఇనుముతో రాదు. గట్టి స్ప్రింగ్ స్టీలులో మాత్రమే ఆ కబురు చేతికి తెలుస్తుంది.

మందం 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మన తాళాలకు సరిపోతుంది. వర్నియర్ కాలిపర్ మీ కాలేజీ వర్క్‌షాపులో ఉంటుంది కదా, కొలిచి చూసుకోండి.

ఏ తుక్కు, ఎందుకు

వైపర్ గురించి ముందు. పాత పద్ధతి వైపర్‌లో రబ్బరు పక్కల పొడుగునా రెండు సన్నటి స్టీలు పట్టీలుంటాయి. రబ్బరు లాగేస్తే చేతికి వస్తాయి. అవి పుట్టుకతోనే స్ప్రింగు, చాలావాటికి తుప్పు కూడా పట్టదు. ఎండా వానా తిన్న వైపర్ రబ్బరు పొడిపొడి అయిపోయినా లోపలి పట్టీ కొత్తదానిలా మెరుస్తుంటుంది. వెడల్పు తక్కువ కాబట్టి అరగదీసే శ్రమ తక్కువ. అసలైన సుఖం టెన్షన్ రెంచ్‌లో ఉంటుంది. చివర వంచితే చాలు, పని అయిపోతుంది. ఆటోనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డు వెనక చూసినా పాత వైపర్లు కుప్పగా పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. మీ ఊళ్లోనూ మెకానిక్ షెడ్డుకు కరువుండదు. ఈమధ్య వస్తున్న చట్రం లేని వైపర్లలో పట్టీ వెడల్పుగా, వంపుతో ఉంటుంది. అది కూడా మంచి ఉక్కే, కానీ మందం కొలిచాకే తీసుకోండి.

ఇక హాక్సా బ్లేడు. దాని మీద అక్షరాలు అరిగిపోకపోతే చదవండి. 'బై-మెటల్' అని ఉంటే దొరికింది అదృష్టం అనుకోవచ్చు. దానిలో పళ్ల అంచు ఒక్కటే హైస్పీడ్ స్టీలు, వెన్ను మొత్తం స్ప్రింగ్ స్టీలు. పళ్ల భాగాన్ని గ్రైండర్ మీద తీసేస్తే మిగిలిన వెన్ను మంచి పిక్ అవుతుంది. మందం 0.65 అటూఇటూ ఉంటుంది కాబట్టి కొలతా కుదురుతుంది. అదే 'ఆల్ హార్డ్' అని రాసుంటే అది మొత్తం ఒకే గట్టి ఉక్కు. వంచితే అప్పడంలా విరుగుతుంది. విరిగిన ముక్క తాళంలో ఇరుక్కుంటే అది ఎవరి చేతికీ అందదు, సిలిండర్ విప్పాల్సిందే. మీ దగ్గరున్నది విరిగిన బ్లేడు అన్నారు. తిన్నగా తెగినట్టు విరిగితే ఆల్ హార్డ్ అయి ఉండొచ్చని అనుమానించండి. చిన్న ముక్కను వైస్‌లో బిగించి, కళ్లజోడు పెట్టుకుని, పట్టకారుతో వంచి చూడండి. వంగి వెనక్కి వస్తే ఉంచుకోండి. టప్పుమని పోతే చెత్తబుట్టే దాని చోటు.

మీ జాబితాలో లేనిది ఒకటి చెబుతాను. మెకానిక్‌ల దగ్గర ఫీలర్ గేజ్ అని ఉంటుంది, ట్యాపెట్ సందు కొలిచే సన్నటి స్టీలు రేకుల కట్ట. దానిలో 0.50, 0.60 రేకులు పిక్‌కు సరిగ్గా సరిపోతాయి. మందం రేకు మీదే చెక్కి ఉంటుంది కాబట్టి కొలవక్కర్లేదు. ఒకటి రెండు రేకులు వంకరపోయిన పాత సెట్లు పారేస్తుంటారు. అది దొరికితే హాక్సా బ్లేడు సంగతి మర్చిపోవచ్చు.

సైకిల్ పుల్ల గుండ్రం, రెండు మిల్లీమీటర్ల మందం. దాన్ని సుత్తితో చదును చేస్తే పలచబడుతుంది కానీ నిటారుగా రాదు. గొడుగు ఊచ అడ్డకోత చూస్తే అది పట్టీ కాదు, మధ్యలో కాలువలాంటి గాడి ఉన్న రేకు. తలుపు సందులో పడిన వస్తువు లాగడానికి పనికొస్తుందేమో, తాళానికి కాదు. పార్సిళ్లకు కట్టే ఇనుప పట్టీని కూడా చాలామంది ప్రయత్నిస్తారు. అది కాస్త మెత్తన, రెండో పిన్ను లేపేసరికే వంకర తిరుగుతుంది. జడ పిన్నులు, పిన్నీసులు సినిమాలో పనిచేస్తాయి. నా దుకాణానికి మాత్రం అవి విరిగి లోపల ఉండిపోయిన తాళాలు వస్తుంటాయి.

కాల్చడం ఎందుకు వద్దంటున్నానంటే

మీరు మెకానికల్ కాబట్టి ఇది మీకు తరగతిలోనూ చెప్పే ఉంటారు. కార్బన్ ఉక్కును ఎర్రగా కాల్చి నెమ్మదిగా ఆరనిస్తే మెత్తబడుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లలో ముంచితే గాజులా పెళుసెక్కుతుంది. స్ప్రింగు గుణం రావాలంటే, అలా గట్టిపడినదాన్ని మళ్లీ మూడు వందల డిగ్రీల దగ్గరికి, నీలం రంగు తేలేదాకా వేడి చేసి దించాలి. గ్యాస్ స్టవ్ మీద అర మిల్లీమీటరు రేకు ఆ రంగు దగ్గర ఆగదు, చూస్తుండగానే దాటిపోతుంది. ఫ్యాక్టరీ అదంతా చేసి ఇచ్చిన ఉక్కును మీరు పాడుచేయడం ఎందుకు? పైగా వైపర్ పట్టీ స్టెయిన్‌లెస్ అయితే దాని లెక్కే వేరు, మామూలు ఉక్కుకు చెప్పే రంగులూ డిగ్రీలూ దానికి వర్తించవు.

ఇదే కారణంగా గ్రైండర్ దగ్గరా జాగ్రత్త. రాయికి ఆనించి ఒక్క క్షణం, వెంటనే నీళ్ల గిన్నెలో ముంచడం, మళ్లీ ఒక్క క్షణం. వేలితో పట్టుకోలేనంత వేడెక్కిందంటే అప్పటికే ఆలస్యం చేస్తున్నట్టు. అంచు బూడిద రంగుకు తిరిగిందంటే ఆ చోట పస పోయింది, ఆ భాగం అరగదీసి పారేయండి. గ్రైండర్ లేకపోతే ఆకురాయి చాలు. నిజానికి మొదటి పిక్‌ను ఆకురాయితో చేస్తేనే చేతికి లోహం అలవాటవుతుంది. బై-మెటల్ బ్లేడు పళ్లు మాత్రం ఆకురాయికి లొంగవు, దానికి గ్రైండర్ కావాల్సిందే.

జింకు పూత ఉన్న రేకు ఏదైనా నిప్పులో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

చేసే తీరు

ఆకారాల గురించి ఆన్‌లైన్‌లో ఇరవై రకాల బొమ్మలుంటాయి. మీకు ప్రస్తుతం ఒక్కటి చాలు: చిన్న కొక్కెం. చివర కొద్దిగా పైకి లేచి, ముక్కు గుండ్రంగా ఉండేది. రంపంలాగా ఎత్తుపల్లాలున్న పిక్‌తో గబగబా గీకితే చవక తాళాలు తెరుచుకుంటాయి, నిజమే. కానీ దానితో మొదలుపెట్టినవాళ్లకు లోపల ఏం జరుగుతోందో ఎప్పటికీ తెలియదు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో అలా అలవాటు పడినవాళ్లు కొంచెం మంచి తాళం ఎదురవగానే చేతులెత్తేస్తారు.

పట్టీ మీద మార్కర్‌తో గీసుకోండి. పిడి భాగాన్ని పూర్తి వెడల్పులో వదిలేయండి. తాళంలోకి వెళ్లే భాగాన్ని, అంటే మూడు నాలుగు సెంటీమీటర్లు, రెండు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గించండి. పిడి దగ్గర కాస్త ఎక్కువ, ముక్కు వైపు వెళ్లేకొద్దీ తక్కువ. పిడి, ఈ సన్నటి భాగం కలిసే చోట లంబకోణంలో మూల కోయకండి. వంపు తిప్పి కలపండి. ఇంట్లో చేసిన పిక్ విరిగితే పదింట తొమ్మిది ఆ మూలలోనే విరుగుతుంది, ఎందుకో మీకు మెషిన్ డిజైన్ పాఠంలో వస్తుంది.

తరువాత అసలు పని, చాలామంది ఎగ్గొట్టే పని. ఆకురాయి వదిలిన గీతలు, అంచున లేచిన బర్రు (గరుకు పొర) పోయేదాకా ఉప్పుకాగితం పట్టాలి. 400తో మొదలుపెట్టి 600, 1000 దాకా వెళ్లండి, నీళ్లు తడుపుతూ, పొడుగునా ఒకే దిశలో. చివరికి గోటి మీద అంచు గీసి చూడండి. గోటి మీద తెల్లటి పొడి రాలకుండా జారిపోతే అయిపోయినట్టు. గరుకుగా ఉన్న పిక్ పిన్నుల మీద రాసుకుంటూ వెళ్తుంది, ఆ రాపిడి చేతికి చప్పుడులా అందుతుంది. పిన్ను కూర్చున్న టిక్ అందులో కలిసిపోతుంది. పైగా ఇత్తడి పిన్నుల తలలు చెడిపోతాయి.

పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడగండి, లేదా వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం. మందంగా గుడ్డ చుట్టకండి, స్పర్శ పోతుంది.

టెన్షన్ రెంచ్ కోసం వైపర్ పట్టీని చివరి నుంచి ఒక సెంటీమీటరు దగ్గర లంబంగా వంచాలి. వైస్ దవడ అంచు మీద ఒక్కసారిగా మడిస్తే పగులుతుంది. దవడ పక్కన ఒక మేకు పెట్టి, దాని గుండ్రం మీదుగా నెమ్మదిగా తిప్పండి. మొండికేసే పట్టీ అయితే ఆ వంపు చోట మాత్రం కొవ్వొత్తి మంట చూపించి వంచొచ్చు. మొత్తం పట్టీని కాదు. దానికి పెట్టాల్సిన బలం ఎంతంటే, వేలి కొన తెల్లబడేంత కూడా అక్కర్లేదు. కొత్తవాళ్లందరూ ఇక్కడే బలం ఎక్కువ పెడతారు. అప్పుడు పిన్నులన్నీ బిగుసుకుపోతాయి, తప్పు పిక్ మీదికి పోతుంది.

సాధన

సిలిండర్‌ను వైస్‌లో బిగించి పెట్టుకోండి. కుదిరితే ఎవరైనా తాళాల మేస్త్రీ చేత దాన్ని విప్పించి, ఒకే ఒక్క పిన్ను జత ఉంచి మిగతావి తీయించండి. ఒక పిన్నుతో ఆ టిక్ ఎలా ఉంటుందో చేతికి తెలిశాక రెండోది వేసుకోండి, తరువాత మూడోది. నా దుకాణానికి తరచూ వచ్చే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఇలాగే నేర్చుకున్నాడు. వాడి పిక్ వైపర్ పట్టీదే. ఐదు పిన్నుల తాళం ఇప్పుడు నాతో కబుర్లు చెబుతూ తీస్తాడు. వాడికి నేను మొదటి రోజు చెప్పిందే మీకూ: తలుపుకు బిగించి వాడుకలో ఉన్న తాళం మీద సాధన చేయొద్దు, అది మీ సొంత ఇల్లయినా సరే. పిన్ను ఇరుక్కుంటే రాత్రి పదింటికి అమ్మానాన్న బయట నిలబడాలి. ఈ హాబీ ఉన్నవాళ్లు ప్రపంచమంతా పాటించే నియమాలు కూడా రెండే. మీది కాని తాళం ముట్టొద్దు, వాడుకలో ఉన్న తాళం ముట్టొద్దు.

తాళం పోయి ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. పిక్ చేసుకోవడం మీ సమస్యకు దారి కాదు. తాళాల వాళ్లం చాలాసార్లు పిక్ బయటికే తీయం. ఒక ముసలావిడ తన అత్తగారి నాటి బీరువా తెరవమని పిలిపించారు. చెవి ఎప్పుడో పోయింది. దానికి నేను చేసింది కోతలు లేని చెవి లోపల పెట్టి తిప్పడం, దాని మీద పడిన గుర్తు చూసి ఆ చోట ఆకురాయితో ఒక్క గీత అరగదీయడం, మళ్లీ పెట్టడం. అలా చేసుకుంటూ పోతే తాళం తెరుచుకునేసరికి చేతిలో కొత్త చెవి తయారై ఉంటుంది. పిక్‌తో తీస్తే తాళం తెరుచుకుంటుంది అంతే, రేపు మళ్లీ వేయడానికి చెవి ఉండదు కదా. నాకు పని నేర్పిన సర్దార్‌జీ సిక్లిగర్ సిక్కు, వాళ్లింట్లో తరతరాలుగా ఇనుము పనే. ఆయన ఫుట్‌పాత్ మీద కూర్చుని, ఒక ఆకురాయి, చిన్న వైస్, చెవుల గుత్తితో ఈ విద్య మొత్తం నడిపారు. ఆయన పెట్టెలో పిక్‌లు ఉండేవి, వాటి మీద దుమ్ము కూడా ఉండేది.

అదే సమయంలో పిక్ విద్యను చిన్నచూపు చూడక్కర్లేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏ.సి.హాబ్స్ అనే అమెరికన్ వచ్చి, తీయడం అసాధ్యం అని పేరున్న చబ్ కంపెనీ లీవర్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తీసినవాళ్లకు 200 గినీల బహుమతి అని బ్రామా కంపెనీ తన దుకాణం అద్దాల్లో దశాబ్దాలుగా పెట్టుకున్న తాళం మీద పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని దాన్నీ తీశాడు. ఇంగ్లండ్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. తాళాలు చేసేవాళ్లకు మాత్రం తమ సరుకులో లోపం ఎక్కడుందో తెలిసింది. నేను మీ సరదాను వద్దనకపోవడానికి కారణం ఇదే. తాళం లోపల చూసినవాడు రేపు ఇంటికి తాళం కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ చూసి మోసపోడు.

చట్టం

నేను లాయర్ని కాదు, దుకాణం నడిపేవాడిగా తెలిసింది చెబుతాను. సొంత తాళం మీద సొంత పిక్ వాడటం నేరం కాదు. కానీ ఇతరుల ఇంట్లోకి అక్రమంగా వెళ్లడానికి తాళం తెరిస్తే, దాన్ని పగలగొట్టకపోయినా సరే, పాత ఐపీసీలోనూ ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అది ఇల్లు పగలగొట్టిన నేరం కిందికే వస్తుంది. కొన్ని రాష్ట్రాల పోలీసు చట్టాల్లో, ఉదాహరణకు మహారాష్ట్రలో, రాత్రిపూట సరైన కారణం లేకుండా ఇలాంటి పనిముట్లతో దొరకడమే తప్పు. కాబట్టి పిక్‌లు ఇంట్లో డ్రాయర్‌లో ఉండాలి. జేబులో, బైకు డిక్కీలో, కాలేజీ బ్యాగులో కాదు. సెకండ్ షో చూసి వస్తుంటే ఆపిన కానిస్టేబుల్‌కు మీ హాబీ గురించి వివరించే టెన్షన్ మీకెందుకు?

విదేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడి నియమం చూసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇబ్బంది లేదు, కానీ మనవాళ్లు బాగా ఉండే వర్జీనియాలో పనిముట్లు దగ్గరుండటాన్నే దురుద్దేశానికి తొలి ఆధారంగా తీసుకునే వీలుంది. జపాన్‌లో 2003 నుంచి సరైన కారణం లేకుండా ఇవి దగ్గర పెట్టుకోవడమే నేరం.

ఇంకో సంగతి. ఈ విద్య తెలుసని తెలిస్తే పక్కింటివాళ్లు పిలుస్తారు. నన్ను ఒకసారి రాత్రిపూట ఒకతను "మా ఫ్లాటే, చెవి లోపల ఉండిపోయింది" అని పిలిచాడు. ఆధార్ అడిగితే అదీ లోపలే ఉందన్నాడు. నిజమే కావచ్చు. వాచ్‌మన్‌నూ, అదే అంతస్తులో ఇంకో ఇంటివాళ్లనూ పిలిపించి, వాళ్లు ఔనన్నాకే పెట్టె తెరిచాను. తలుపు తీశాక లోపల నుంచి ఆధార్ తెచ్చి చూపించేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. అతనికి కోపం వచ్చింది. రానివ్వండి. మాకిది బతుకుతెరువు కాబట్టి ఈ తంతు తప్పదు. మీకు ఆ అవసరం లేదు, ఎవరు పిలిచినా వెళ్లకండి, తాళాల షాపు నంబరు ఇచ్చి ఊరుకోండి.

మీ సిలిండర్ ఏ రకమో తెలియకపోతే కింద కామెంట్‌లో ఫొటో పెట్టండి, చూసి చెబుతాను. తాళం ముఖం, అంటే చెవి దూరే సందు కనపడేలా తీస్తే చాలు. చెవి ఫొటో మాత్రం పెట్టకండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు 2008లోనే దూరం నుంచి తీసిన ఫొటోను బట్టి చెవి కోతలు లెక్కగట్టి చూపించారు. కొత్త ఇల్లు కొన్న ఆనందంలో తాళం చెవి పట్టుకుని ఫొటో పెట్టేవాళ్లకూ ఇదే మాట చెప్పండి, ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయమనండి.